కడిగి పంపిన రేడియో

ఆగస్టు 12, సోమవారం

తలిసోగ్ పెట్టె మళ్ళీ వచ్చింది.

చీటీ చదవకముందే గుర్తుపట్టాను. ఎండుచేపల వాసన. మా రిటర్న్స్ సెక్షన్‌కి రోజూ రెండు వందల దాకా పాడైన వైర్‌లెస్ సామాన్లు వస్తాయి. అందరూ తిట్లు పంపుతారు. తలిసోగ్ దీవి ఆరోగ్య కేంద్రం వాళ్ళు మాత్రం చేపలు పంపుతారు. పక్క బెంచి చోలెంగ్ అక్క ముక్కు మూసుకుని, పుట్టింటి నుంచి సారె వచ్చిందే దితా, లేచి అందుకో అంది. మా సూపర్‌వైజర్ డెల్ఫిన్ సార్ వచ్చి, కస్టమర్ దగ్గర ఏమీ పుచ్చుకోకూడదని ఎన్నిసార్లు చెప్పాలి మీకు అని పొట్లం తీసుకెళ్ళి చెత్తలో పడేశాడు. మంచి చేపలు. ప్రాణం ఉసూరుమంది.

అదే రేడియో. పళ్ళెమంత డిష్, వెనకాల తెల్ల డబ్బా. ఇది దీవిలో, దీని జోడీ ఒడ్డున పెద్దాసుపత్రి మేడ మీద, మధ్యలో పద్నాలుగు కిలోమీటర్ల సముద్రం. ఫిర్యాదు కూడా అదే: వాన పడితే లింక్ పోతుంది, తెర మీద డాక్టరు గారు కనబడటం లేదు.

అరగంట టెస్ట్ పెట్టాను. అన్నీ పచ్చ లైట్లే. జూలైలో కూడా నేనే చూశాను. అప్పుడూ ఇంతే. 27వ నంబరు స్టాంపు, అంటే నా స్టాంపు, రెండోసారి కొట్టాను: లోపం లేదు.

మూడోసారి కూడా అదే పడితే ఆ సీరియల్ నంబరుకి వారంటీ మూసేస్తారు. ఇక రిపేరూ లేదు, మార్చి ఇవ్వడమూ లేదు.

కేబుల్ మూత బిగిస్తుంటే లోపల నుంచి ఒక బియ్యపు గింజ రాలి బెంచి మీద పడింది. చోలెంగ్ అక్కకి చూపించి నవ్వాను.

ఆగస్టు 13, మంగళవారం

నిన్న నవ్వినందుకు చెంపలు వాయించుకోవాలి.

పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే తట్టింది. నాదీ ఒక దీవే, అక్కడ మా అమ్మ ఏం చేస్తుంది? పక్కింటి వాళ్ళ గిన్నె తిరిగి ఇవ్వాలంటే తోమి, తుడిచి, ఎండబెట్టి, అందులో ఏదో ఒకటి పెట్టి మరీ ఇస్తుంది. మురికి గిన్నె, ఖాళీ గిన్నె పంపితే ఊళ్ళో తలెత్తుకోలేం. తలిసోగ్ వాళ్ళూ అదే చేస్తున్నారు. రేడియోలోకి నీళ్ళు పోతాయి, ఆగిపోతుంది. దించుతారు. సబ్బు పెట్టి కడుగుతారు. బియ్యం డబ్బాలో పూడ్చి తేమంతా లాగేస్తారు. అప్పుడు మాకు పంపుతారు. రోగిని తలంటి, కొత్త బట్టలు కట్టి, నాలుగు రోజులు పథ్యం పెట్టి, జ్వరం తగ్గాక డాక్టరు దగ్గరికి తెస్తే ఆయనకి ఏం కనబడుతుంది? నాకూ ఏమీ కనబడలేదు. రెండుసార్లు.

పరుగున వెళ్ళి చూశాను. రేడియో ఇంకా ర్యాక్‌లోనే ఉంది. మూత వాసన చూశాను. బట్టల సబ్బు.

డెల్ఫిన్ సార్‌కి చెప్పాను. మన ఫారంలో బియ్యానికి గడి ఎక్కడుందో చూపించు, టిక్కు పెడదాం అన్నాడు. పైగా, నీ స్టాంపు నువ్వే తప్పంటే లోపం చూడకుండా వదిలేశావని అది నీ పేరు మీద 'మిస్' కింద పడుతుంది, సెప్టెంబరు 30 దగ్గరికొస్తోంది, మర్చిపోకు అన్నాడు.

ఎలా మర్చిపోతాను! ఏప్రిల్ ఒకటిన చేరాను. ఆరు నెలలు నిండితే రెగ్యులర్ చేయాలి. ఇప్పటికి నాలుగు ఫ్యాక్టరీలు మారాను, ఒక్కచోట కూడా ఐదో నెల దాటనివ్వలేదు. ఒక్క మిస్ చాలు, ఇక్కడా గేటు చూపించడానికి.

ఫిర్యాదు చీటీ వెనక రాత ఉంది. నిన్న తిప్పి చూడనేలేదు. మంత్రసాని తియోఫిలా రాసింది. దీవిలో మరిసెల్ అనే ఆమెకి కవలలు. అక్టోబరు మొదటి వారంలో నొప్పులు రావచ్చు. మధ్యలో రక్తం కనబడిందని డాక్టరు పడవ ఎక్కవద్దన్నాడు. తాను వీడియోలో చూస్తూ చెబుతాడట, ఈమె చేస్తుందట. ఒకర్నైతే నేను కళ్ళు మూసుకుని తీస్తాను, ఇద్దర్ని తీయడం నాకు భయం, దయచేసి సరిగ్గా చూడండి అని రాసింది.

సరిగ్గా చూడండి. వెనక్కి తిప్పి కూడా చూడలేదు మహాతల్లిని.

ఆగస్టు 15, గురువారం

ఇవాళ చేసిన పని ఎవరికీ చెప్పలేను. ఇక్కడైనా రాసుకోవాలి.

ఆ పెట్టె ప్యాకింగ్‌కి వెళ్ళే ముందు స్పాంజి కింద చీటీ పెట్టాను. అమ్మా, ఈసారి కడగకండి, తుడవకండి, బియ్యంలో పెట్టకండి. ఆగిపోయినప్పుడు ఎలా ఉంటే అలాగే, ఉప్పుతో, చీమలతో సహా ప్లాస్టిక్ సంచిలో కట్టి పంపండి. మళ్ళీ శుభ్రంగా వస్తే వారంటీ పోతుంది. అంతే రాశాను.

టెస్టర్లు కస్టమర్‌కి ఒక్క ముక్క కూడా రాయకూడదు. రాస్తే అదే రోజు ఇంటికి. ఆ దీవిలో ఫోన్ సిగ్నల్ లేదు, ఆఫీసు వాళ్ళు నా మాట వినరు. ఇంకేం చేయను? తెలివిగా పేరు రాయలేదు. పేరుకి బదులు బెంచి 27 అని రాశాను! అంతకంటే ఫోటో అంటించి పంపాల్సింది.

ఆగస్టు 16, శుక్రవారం

పెట్టె వెళ్ళిపోయింది.

ఆగస్టు 29, గురువారం

ప్యాకింగ్‌లో అడాప్టర్లు పోతున్నాయట. కెమెరా రికార్డులు చూస్తున్నారని చోలెంగ్ అక్క చెప్పింది. ఏ తారీకు నుంచి అని అడిగాను. నీకెందుకే, నువ్వేమైనా దాచావా అంది. కొబ్బరాకులో చుట్టిన అన్నం పొట్లం విప్పకుండానే తిరిగి సంచిలో పెట్టేశాను.

సెప్టెంబరు 4, బుధవారం

దొంగ దొరికాడు. ఇరవయ్యో తారీకు తర్వాతి రికార్డులే చూశారట. బతికిపోయాను.

బయట మూడు రోజులుగా వాన. తలిసోగ్‌లోనూ పడుతూ ఉంటుంది. ఆ రేడియో పాడైపోవాలని కోరుకుంటున్నాను. ఎవరైనా వింటే పిచ్చిదంటారు.

సెప్టెంబరు 11, బుధవారం

వచ్చింది.

పెట్టె తెరిచాను. లోపల అంచు కుట్టిన తెల్లటి గుడ్డ. దాంట్లో చుట్టి రేడియో. అద్దంలా మెరుస్తోంది.

చీటీ ఉంది. అమ్మాయీ, నీ ఉత్తరం అందింది, దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నువ్వు చెప్పినట్టే బియ్యంలో పెట్టలేదు. కానీ పురుగులు, ఉప్పు పట్టి ఉన్నదాన్ని ఒకళ్ళ గుమ్మంలోకి ఎలా పంపమంటావు? చూసినవాళ్ళు మమ్మల్ని ఏమనుకుంటారు? సబ్బునీళ్ళతో ఊరికే పైపైన తుడిచి, రెండు రోజులు ఎండలో పెట్టాం, అంతే.

అంతే అట! బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. మధ్యలో నవ్వొచ్చింది. మళ్ళీ ఏడుపొచ్చింది. మా అమ్మ అయినా ఇదే చేసేది, ఎవర్ని తిట్టను?

టెస్ట్ పెట్టాను. అరగంట. అన్నీ పచ్చ.

స్టాంపు చేతిలోకి తీసుకున్నాను. కొట్టలేదు. 'హోల్డ్' చీటీ తగిలించాను. అది నలభై ఎనిమిది గంటలే నిలుస్తుంది. ఎల్లుండి సాయంత్రంలోపు ఏదో ఒకటి కొట్టాలి.

సెప్టెంబరు 12, గురువారం

కేబుల్ మూత తీసి లోపలి నల్ల రబ్బరు రింగును గోటితో తడుముతూ పోయాను. కొసలు అతికిన చోట గోరు ఆగింది. వెంట్రుకంత సందు. ర్యాక్‌లో అదే బ్యాచ్‌వి ఆరు ఉంటే అవీ చూశాను. నాలుగింటికి అదే సందు. పాత బ్యాచ్‌వాటికి లేదు.

అంటే తలిసోగ్ ఒక్కటే కాదు. కొన్ని వేలు.

డెల్ఫిన్ సార్‌ని పిలిచి చూపించాను. ఆయన కూడా గోరు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, టెస్ట్ పాస్ అయిందా లేదా అన్నాడు. అయింది సార్ అన్నాను. మరి ఇంకేం, గోళ్ళతో టెస్ట్ చేసే మిషన్ మనకి లేదు అన్నాడు. నీళ్ళ టెస్ట్ పెడతానన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. అది మన పద్ధతిలో లేదు, నీళ్ళు పోసి అది చస్తే నువ్వు చంపావంటారు, చావకపోతే నీకు పిచ్చంటారు, ఎటు చూసినా పోయేది నువ్వే అన్నాడు. నిజం. పైగా లోపం బయటపడితే నా రెండు స్టాంపులూ తప్పే. రెండు మిస్‌లు.

సాయంత్రం చోలెంగ్ అక్క బస్సులో పక్కన కూర్చుని, స్టాంపు కొట్టి పడెయ్యవే, ఆ దీవి నీకేమన్నా చుట్టమా, ఆరు నెలలూ నిండాలని నువ్వే కదా కొట్టుకుంటావు అంది. దిగేటప్పుడు మాత్రం, రేపు నీళ్ళ జగ్గు కావాలంటే నేను తెస్తాలే అంది.

సెప్టెంబరు 13, శుక్రవారం

ఉదయం 8.05. రెండు రేడియోలు టెస్ట్ బెంచికి కలిపి ఆన్ చేసి పెట్టాను. ఒకటి తలిసోగ్‌ది, ఒకటి పాత బ్యాచ్‌ది. పైన గుడ్డ కప్పాను, బాగా వేడెక్కాలి. దీవిలో మధ్యాహ్నం ఎండకి కాలి, ఒక్కసారిగా వాన పడినప్పుడు కదా పోతుంది. వేడి గిన్నెకి మూతపెట్టి చన్నీళ్ళలో ఉంచితే మూత లోపలికి బిగుసుకుపోతుంది. ఈ డబ్బా కూడా అలాగే పీలుస్తుంది, సందుంటే గాలితో పాటు నీళ్ళు కూడా.

10.20. చెయ్యి పెడితే కాలుతోంది. డెల్ఫిన్ సార్‌ని పిలిచాను. చాటుగా చేయను, ఆయన ముందే చేస్తాను. వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను చెప్పేది చెప్పాను, నువ్వు పోస్తే నేను రిపోర్టు రాయాలి అన్నాడు. రాయండి సార్ అన్నాను.

10.24. క్యాంటీన్ ఐసు నీళ్ళు రెండింటి మీదా పోశాను.

10.29. ఏమీ లేదు. సిగ్నల్ మైనస్ 52 (ఈ అంకె పెరిగితే సిగ్నల్ పడిపోతున్నట్టు). రెండూ.

10.34. ఏమీ లేదు. వెనక బెంచీల వాళ్ళు లేచి వచ్చారు. ఎవడో, వాటికి తువ్వాలు కూడా ఇవ్వు దితా అన్నాడు. నవ్వులు. డెల్ఫిన్ సార్ గడియారం చూసుకున్నాడు.

10.37. ఆయన వెళ్ళిపోయాడు. నీ సామాన్లు సర్దుకో అనలేదు కానీ చూపు అదే.

10.38. మైనస్ 60.

10.39. మైనస్ 71. చోలెంగ్ అక్క నా భుజం పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

10.41. లింక్ పోయింది. పాతది ఇంకా మైనస్ 52 మీదే ఉంది. ఎవరూ నవ్వడం లేదు. డెల్ఫిన్ సార్‌ని ఎవరో పరిగెత్తి పిలుచుకొచ్చారు. స్క్రీను చూశాడు, లాగ్ మొత్తం ప్రింట్ తీయమన్నాడు. మూత తీస్తే లోపల నుంచి నీళ్ళు ఆయన చొక్కా చేతి మీద కారాయి.

సాయంత్రం. 'లోపం ఉంది' స్టాంపు కొట్టాను. ఇంకు సరిగ్గా అంటలేదు. రెండోసారి గట్టిగా కొట్టాను.

సెప్టెంబరు 17, మంగళవారం

పై ఆఫీసు ఇంజనీర్లు వచ్చారు. రేడియో, రింగు, లాగ్, అన్నీ పట్టుకెళ్ళారు. ఆ బ్యాచ్ మొత్తం ఆపేశారు. తలిసోగ్‌కి కొత్త రేడియో మంజూరైంది.

ఒకాయన నాతో కరచాలనం చేశాడు. డెల్ఫిన్ సార్ పక్కకి పిలిచి, పైవాళ్ళు నిన్ను మెచ్చుకున్నారు, కానీ ఫారంలో మెచ్చుకోలుకి గడి లేదు, మిస్‌కి ఉంది, రెండు పడ్డాయి అన్నాడు. ఆయనకి నిజంగానే బాధగా ఉందని తెలుస్తోంది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

సెప్టెంబరు 25, బుధవారం

కొత్త రేడియో ఇంకా స్టోర్‌లోనే ఉంది. కొరియర్ పన్నెండు రోజులు అంటున్నారు. దీవికి కొరియర్ సరుకు వారానికి ఒక్క పడవే తీసుకెళుతుందట, మనుషుల పడవలు మాత్రం రోజూ ఉంటాయట. వేళ్ళ మీద లెక్కపెట్టాను. అక్టోబరు ఏడు. మొదటి వారం అయిపోతుంది.

నాలుగుసార్లు స్టోర్‌కి వెళ్ళాను. స్టోర్ అతను, అమ్మా తల్లీ, నువ్వు చూస్తూ నిలబడితే దానికి రెక్కలు రావు అన్నాడు.

సెప్టెంబరు 30, సోమవారం

పదకొండింటికి పిలిచారు. కాగితం ఇచ్చారు. రెగ్యులర్ చేయడం లేదు. ధన్యవాదాలు అని కూడా ఉంది దాంట్లో.

ఏడవలేదు. నేరుగా డెల్ఫిన్ సార్ దగ్గరికి వెళ్ళి, రేడియో నేను పట్టుకెళతాను అన్నాను. నువ్విప్పుడు ఇక్కడి మనిషివి కాదు కదా అన్నాడు. అందుకేగా సార్, ఇప్పుడు నేను కస్టమర్ తరఫు మనిషిని అన్నాను. నా మొహం కేసి చూశాడు. డ్రాయర్ లాగి గేట్ పాస్ పుస్తకం తీశాడు. కస్టమర్ స్వయంగా తీసుకున్నారు అని రాసి, పుచ్చుకున్నవారి పేరు దగ్గర నా పేరు పూర్తిగా రాశాడు, మధ్య పేరుతో సహా. సంతకం పెట్టి, త్వరగా పో, నాకు మళ్ళీ బుద్ధి వచ్చేలోపు అన్నాడు.

చోలెంగ్ అక్క గేటు దాకా వచ్చింది. పిచ్చిదానా, పిచ్చిదానా అంటూనే ఉంది.

అక్టోబరు 1, మంగళవారం

అల్పపీడనం. కోస్ట్ గార్డ్ పడవలు ఆపేసింది. రేవులో బల్ల మీద రేడియో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

అక్టోబరు 2, బుధవారం

ఇవాళా లేదు. పడవ సరంగు కాళ్ళావేళ్ళా పడ్డాను. సముద్రం నా మాట వింటే నీ మాట చెబుతానమ్మా అన్నాడు. మరిసెల్ అనే ఆమెని నేనింతవరకు చూడనేలేదు. ఆమె కడుపు గురించి తప్ప వేరే ఆలోచన రావడం లేదు.

అక్టోబరు 3, గురువారం

సాయంత్రం నాలుగింటికి వదిలారు. దారి పొడుగునా అల పైకి లేపి కింద పడేస్తూనే ఉంది. రెండుసార్లు వాంతి చేసుకున్నాను. పెట్టె మాత్రం తడవనివ్వలేదు.

చీకటి పడేసరికి చేరాం. తియోఫిలా నేననుకున్నంత ముసలిది కాదు. పెట్టె చూసి రేవులోనే నన్ను పట్టుకుని, నువ్వేనా ఉత్తరం రాసింది అని బుగ్గలు నిమిరింది. తర్వాత చెవిలో, మరిసెల్‌కి నొప్పులు ఇంకా రాలేదు, కానీ నిన్న రాత్రి నుంచి నడుం లాగుతోందంటోంది అంది. రేపు పొద్దున్నే రేడియో బిగించాలి.

అక్టోబరు 4, శుక్రవారం

రాత వంకరగా వస్తోంది. వేళ్ళు ఇంకా మాట వినడం లేదు.

ఎనిమిదింటికి నొప్పులు మొదలయ్యాయి. ఆరోగ్య కేంద్రం డాబా ఎక్కాను. కొత్త మోడల్‌కి పాత బిగింపు సరిపోలేదు. బలవంతంగా తిప్పితే తుప్పు పట్టిన బోల్టు విరిగి చేతిలోకి వచ్చింది. తాడు కట్టాను. గాలికి ఊగుతోంది, ఊగినప్పుడల్లా లింక్ పోతోంది. ఇక తాడు వదిలేసి స్తంభాన్ని కావలించుకుని రేడియోని రెండు చేతులతో పట్టుకున్నాను. కొద్దికొద్దిగా తిప్పాను. కింద నుంచి తియోఫిలా కేక: కనబడ్డాడు! డాక్టరు కనబడ్డాడు! కదలకు తల్లీ, కదలకు!

వాన మొదలైంది. కదల్లేదు.

10.02కి ఒక ఏడుపు వినబడింది. తర్వాత ఏమీ లేదు. డాక్టరు గొంతు సన్నగా వినబడుతూనే ఉంది, మాటలు అర్థం కావు. తియోఫిలా, అవును సార్, అవును సార్ అంటోంది. తర్వాత అది కూడా ఆగిపోయింది. భుజాలు ఉన్నట్టే తెలియడం లేదు. ఊపిరి తీసుకుంటే డిష్ కదులుతుందని ఊపిరి బిగబట్టాను.

10.25కి రెండో ఏడుపు.

దిగి రామ్మా, ఇక చాలు అన్నారు ఎవరో. నేను వదిలేశాననే అనుకున్నాను. నా వేళ్ళు విడదీయడానికి ఇద్దరు పైకి రావాల్సి వచ్చింది.